మేత బీడులో తిండి, నీడ, నీళ్లు: తిరుపతి, చిత్తూరు ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా ఊళ్లకు గుట్ట మొదట్లోనో చెరువు కట్ట పక్కనో ఉమ్మడి బీడు ఒకటి ఉంటుంది. రికార్డులో మేత పోరంబోకు. ఒకప్పుడు ఊరి ఆవులు, ఎనుములు, గొర్రెలు పొద్దస్తమానం మేసిన నేల. ఇప్పుడు సగం సర్కారు తుమ్మ, ఒక పక్క ఎవరో కలుపుకున్న చెనిక్కాయ (వేరుశనగ) చేను, రోడ్డు వైపు చెత్త కుప్ప. ఆ నేలను ఊరే చేతుల్లోకి తీసుకుని, కొంత భాగంలో తిండి పండించుకుని, కొంత గడ్డికి ఉంచి, మిగిలింది పిట్టలకూ జీవాలకూ వదిలి కాపాడుకునే పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా రాశాం. లెక్కలన్నీ పదెకరాల బీడుకు. మీది చిన్నదైతే ఆ దామాషాలో తగ్గించుకోండి.

చెట్లు నాటడం ఇందులో ఆరో మెట్టులో వస్తుంది. అంత వెనక్కి పెట్టింది కావాలనే. సరిహద్దు తేల్చుకోకుండా నాటిన వరుసను పక్క చేను నాగలి దున్నేస్తుంది. మేకలవాళ్లతో మాట్లాడకుండా వేసిన కంచె రాత్రికి రాత్రి తెగుతుంది. ఎండకు పోయిన మొక్కను మళ్లీ నాటుకోవచ్చు. ఇలా పోయిన తర్వాత ఊరిని రెండోసారి కదిలించడం చాలా కష్టం.

మొదటి మెట్టు: నేల ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి

సర్వే నంబరు కనుక్కుని ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, గ్రామ పటం, ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పటం) తీసుకోండి. అడంగల్‌లో నేల స్వభావం గడిలో ఏముందో దాన్నిబట్టే మీ దారి ఉంటుంది. మేత పోరంబోకు, కళ్లం, తోపు అని ఉంటే 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అవి గ్రామ పంచాయతీ అధీనంలోవి. తీర్మానం చేసుకుని పని మొదలుపెట్టొచ్చు. గయాళు, అనాధీనం అని ఉంటే అది రెవెన్యూది, తహశీల్దారు రాతపూర్వక అనుమతి కావాలి. చెరువు మునకలో ఉన్న నేలలో చెట్లు, మడులు పెట్టకూడదు. డి-పట్టా నేల ప్రభుత్వం ఒక కుటుంబానికి ఇచ్చింది, 1977 చట్టం దాని చేతుల మార్పిడి మీద ఆంక్షలు పెట్టింది, కాబట్టి దాన్ని ఉమ్మడి పనిలో కలపొద్దు. అటవీ హద్దు రాళ్ల లోపల అసలు అడుగు పెట్టొద్దు. గుట్ట పక్క ఊళ్లలో ఈ హద్దు తప్పడం తేలిక. పటంలో కనిపించే గీతకూ నేల మీద రాయికీ తేడా ఉంటే రేంజ్ ఆఫీసులో అడిగి సరిచూసుకోండి.

ఆ తర్వాత సర్వేయర్‌తో కొలిపించి, నాలుగు వైపులా పొలాలున్న రైతులను వెంట నడిపించి, వాళ్ల ముందే రాళ్లు పాతించండి. ఎవరైనా కలుపుకుని ఉంటే ఏం చేయాలన్నది ఊరిని చీల్చే ప్రశ్న. ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టం మీ వైపే ఉంది. అయినా మా సలహా, కేసుతో మొదలుపెట్టొద్దు. కలుపుకున్న హద్దును పంచనామాలో రాయించి, ఆ రైతు చేత సంతకం పెట్టించి, అక్కడి నుంచి ఒక్క గెనిమ (గట్టు) కూడా ముందుకు జరగదని ఒప్పించండి. మిగిలిన బీడు పచ్చబడ్డాక ఆ కలుపుకున్న ముక్క మాట మాట్లాడటం సులువవుతుంది.

గ్రామసభ తీర్మానంలో ఈ మాటలు తప్పక ఉండాలి: సర్వే నంబరు, విస్తీర్ణం, దేనికి వాడతారు, ఎవరు చూసుకుంటారు, ఎవరికీ సొంత హక్కు రాదు, పక్కా కట్టడాలు ఉండవు, ఎన్నేళ్లకు సమీక్ష. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊళ్లో కమిటీ పేరుకే ఉంటే, కొత్త సంఘం పెట్టడం కంటే దాన్నే నిద్ర లేపడం మేలు. చట్టబద్ధమైన గుర్తింపు దానికి ముందే ఉంది.

రెండో మెట్టు: మేత ఒప్పందం

బీడును చూసుకునే సంఘానికి తొమ్మిది నుంచి పదకొండు మంది చాలు. వీళ్లలో మేకలు, గొర్రెలు మేపే ఇళ్ల నుంచి కనీసం ఇద్దరు, కట్టెలు ఏరుకునే మహిళలు ఇద్దరు, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరుగంటి ఒకరు ఉండాలి. సంఘంలో పొలాలున్న పెద్దలే కూర్చుంటే, బీడు మీద బతికేవాళ్లకు అది మనది అనిపించదు. సగం మంది మహిళలు ఉండేలా చూడండి. కూర మడులు చివరికి నడిపేది వాళ్లే.

ఇంటింటికీ తిరిగి జీవాలు లెక్క రాయండి: ఆవులు, ఎనుములు, మేకలు, గొర్రెలు విడివిడిగా. ఈ లెక్క లేకుండా ఒప్పందం కుదరదు. బీడంతా ఒకేసారి మూసేస్తే మేకలు పక్క ఊరి బీడు మీదో, అడవి మీదో పడతాయి. అందుకని మేతకు ఉంచిన భాగాన్ని మూడు ముక్కలు చేసి, ఏడాదికొక ముక్కను జూన్ నుంచి డిసెంబరు దాకా మూయండి. గడ్డి గింజ రాలిన తర్వాత, అంటే డిసెంబరులో, కొడవలితో కోసుకుపోనివ్వండి. సంక్రాంతి తర్వాత జీవాలను వదలండి. మేకకూ ఆవుకూ తేడా ఉంది. ఆవు గడ్డి మేస్తుంది, మేక లేత చిగురు కొరుకుతుంది. చెట్లు ఎదగాల్సిన చోట ఆవుల కంటే రెండేళ్లు ఆలస్యంగా మేకలను రానివ్వాలి. బదులుగా మేకలవాళ్లకు సుబాబుల్, అవిశ కొమ్మలు కోసుకునే వరుస ఒకటి తిండి మడుల పక్కన ఇవ్వండి. సుబాబుల్ కాయ ముదరనిస్తే గింజ రాలి బీడంతా పాకుతుంది. ముదరకముందే కొమ్మ కొట్టాలి.

ముళ్ల తీగ కంచెకు డబ్బు పోయడం మాకు నచ్చని పని. తీగకు జీవాలు చీరుకుపోతాయి, రెండేళ్లకు తీగే మాయమవుతుంది. ఆ డబ్బుతో ఊళ్లో ఒక మనిషికి మొదటి మూడేళ్లు కాపలా జీతం ఇవ్వండి. ఆ మనిషి మేకలవాళ్ల ఇంటివాడైతే ఇంకా మంచిది.

మూడో మెట్టు: ఒక వానాకాలం నడిచి చూడండి

వాన పడుతుండగానే గొడుగేసుకుని బీడులో నడవండి. నీళ్లు ఎక్కడ పుడుతున్నాయి, ఎక్కడ కోసుకుపోతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి అన్నది ఎండలో తెలియదు. తెల్ల కాగితం మీద గీసుకోండి.

ఆ తర్వాత మొదళ్లు లెక్కపెట్టండి. మేసి మేసి జానెడు పొదలా కనిపించే చాలా మొక్కలు నిజానికి పాత చెట్ల మొదళ్లు: మోదుగ, బిల్లుడు, రేగు, బలుసు, వెలగ, పాల. కింద వేరు ముప్పై ఏళ్లది ఉంటుంది. వాటిని రెండేళ్లు మేక నోటి నుంచి తప్పిస్తే చాలు, నర్సరీ మొక్క ఐదేళ్లకు ఎదిగేంత ఎదుగుతాయి. ఒక్కో మొదలుకు ఉన్న పది పన్నెండు చిగుళ్లలో బలమైనవి రెండు ఉంచి మిగతావి కోసేయండి. నీళ్లు పోయక్కర్లేదు, గుంత తవ్వక్కర్లేదు. ఎకరాకు ఇలాంటి మొదళ్లు నలభై పైన దొరికితే అక్కడ కొత్తగా ఏమీ నాటొద్దు.

జీవాల ఆనవాళ్లూ రాసుకోండి. ముళ్లపంది ముల్లు, నెమళ్లు పొర్లిన దుమ్ము గుంత, ఉడుము దూరిన పుట్ట, గిజిగాడి గూళ్లు వేలాడే ఈత చెట్టు. వీటి చుట్టూ పది మీటర్లు గీత గీసి పని ఆపండి. పుట్టలు తవ్వొద్దు, పాములకూ ఉడుములకూ అవే ఇళ్లు.

మా ఉదాహరణ బీడును ఇలా పంచుకోవచ్చు. రాళ్లున్న పైభాగం నాలుగెకరాలు పూర్తిగా పొదలకూ జీవాలకూ. మధ్య వాలు మూడున్నర ఎకరాలు గడ్డికి. కుంట, దాని ఒడ్డు ఎకరం. కుంట కింద మెత్తటి నేల ఎకరంన్నర తిండికి. తిండికి ఇంత తక్కువా అని ఊళ్లో అడుగుతారు. కింద ఎకరంన్నరకు నీళ్లిచ్చేది, పురుగును తినే పిట్టలను సాకేది పైనున్న నాలుగెకరాలే. అది పోతే ఇదీ పోతుంది.

నాలుగో మెట్టు: వాన నీటిని నిలపడం

ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 40,000 లీటర్లు. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు, నవంబరులో, ఒక్క రాత్రి 50 మిల్లీమీటర్లు పడటం ఇక్కడ మామూలే. బోడి నేల మీద అందులో మూడో వంతు పారినా ఎకరాకు 67,000 లీటర్లు మట్టితో సహా వంకలో కలుస్తాయి.

వాలుకు అడ్డంగా సమమట్టపు గీతలు గీయడానికి ఏ-ఫ్రేమ్ చాలు. రెండు మీటర్ల పొడవున్న నిటారు కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టండి. మధ్యలో మీటరు పైచిలుకు అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారానికి రాయి కట్టి అడ్డకర్రను దాటి వేలాడేలా వదలండి. ఇప్పుడు నేల మీద రెండు మేకులు కొట్టి వాటి మీద కాళ్లు నిలపండి. దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టండి. ఫ్రేమును తిప్పి, ఎడమ కాలు ఉన్న మేకు మీద కుడి కాలు పెట్టి, మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడుమ సరిగ్గా సగంలో మూడో గీత గీస్తే అదే సమమట్టం. ఈ తిప్పి చూడటం మానేస్తే కర్రల పొడవులోని తేడా మొత్తం గీతలోకి వస్తుంది, కందకం ఒక కొస నుంచి తెగిపోతుంది. గాలి వీచే మధ్యాహ్నం పని చేయొద్దు, దారం ఊగుతుంది. పొద్దున్నే చేయండి.

ఆ గీతల మీద 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతుతో విడివిడి కందకాలు తవ్వండి. ఒక్కొక్కటి 810 లీటర్లు పడుతుంది. ఎకరాకు నలభై తవ్వితే 32,400 లీటర్లు ఆగుతాయి, అంటే పైన చెప్పిన పారకంలో దాదాపు సగం. మిగతా సగం కుంటకు చేరాలి, అందుకే అంతకన్నా ఎక్కువ తవ్వొద్దు. పై వరుసలో ఖాళీ ఉన్న చోట కింది వరుసలో కందకం రావాలి. తవ్విన మట్టి పల్లం వైపే పోయాలి, అంచు నుంచి 20 సెంటీమీటర్లు వదిలి. అంచు మీదే పోస్తే మొదటి వానకే మట్టి తిరిగి గుంతలోకి దిగుతుంది. పాత చెట్ల మొదళ్లకు మూడు మీటర్ల లోపల తవ్వకండి. కాలు జారే వాలున్న చోట కందకాలు అసలు వద్దు, గడ్డి చాలు. వంక కోసుకుపోతున్న చోట రాళ్లతో మోకాలెత్తు అడ్డుకట్టలు వేయండి. వాటి నడుమ భాగం చివరల కంటే ఒక జానెడు పల్లంగా ఉండాలి. లేకపోతే నీళ్లు పక్కలు కోసుకుని వెళ్తాయి.

కుంట పూడిక తీసేటప్పుడు అందరూ చేసే పొరపాటు లోతు కోసం ఆశపడటం. అడుగున బంకమట్టి పొర ఉంటుంది, నీళ్లను పట్టి ఉంచేది అదే. యంత్రం దాన్ని చీల్చి కింద మొరం తేలిస్తే ఆ కుంట సంక్రాంతికే ఎండుతుంది. ముందు రెండు చోట్ల గునపంతో తవ్వి పూడిక ఎంత మందం ఉందో చూసి, ఒక జానెడు మిగిల్చి ఆపండి. ఒక ఒడ్డును బాగా ఏటవాలుగా, ఒక మీటరు దిగడానికి నాలుగు మీటర్లు నడిచేలా ఉంచండి. మోకాలి లోతు నీళ్లున్న ఆ వాలులోనే కొంగలు, కంకణం పిట్టలు దిగుతాయి, తాబేలూ ముంగిసా మునిగిపోకుండా నీళ్లు తాగి వస్తాయి. మరవ (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తు పెంచొద్దు. గొలుసుకట్టులో మీ కింద ఇంకో చెరువు ఉంటుంది, దాని వాటా మీరు ఆపకూడదు.

ఐదో మెట్టు: సర్కారు తుమ్మ

కొట్టేస్తే చావదు. నేల మట్టానికి నరికితే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి, ముందుకంటే గుబురుగా. చిగురు పుట్టే కణుపు నేల కింద జానెడు లోతు దాకా ఉంటుంది, కాబట్టి మట్టి తీసి 30 సెంటీమీటర్ల కింద వేరు నరకాలి. వాన పడి నేల నానిన మూడో రోజు ఈ పని తేలిక. పశువులు కాయలు తిని పేడలో గింజలు వేస్తాయి, ఆ గింజలు బాగా మొలుస్తాయి. అందుకే కాయ రాలే వేసవి నెలల్లో ఆ తోపులోకి జీవాలను వదలొద్దు.

అయితే ఒకే ఏడాది అంతా పీకేయకండి. పేదల పొయ్యిలోకి వెళ్లే కట్టె అదే, పికిలిపిట్టలు, కంజు పిట్టలు దాక్కునే పొద కూడా అదే. ఇరవై మీటర్ల పట్టీలుగా, ఏడాదికి మూడో వంతు తీయండి. తీసిన చోట ఆ వారమే గడ్డి గింజ చల్లండి. ఖాళీగా వదిలితే వయ్యారిభామ వచ్చేస్తుంది. వయ్యారిభామను పూతకు ముందే పీకాలి, పూసిన తర్వాత పీకితే గింజను మీరే చల్లినట్టవుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఆరో మెట్టు: గడ్డి, చెట్లు, ముళ్ల వరుస

గడ్డికి ఎకరాకు అంజన్ గడ్డి గింజ 2 కిలోలు సరిపోతుంది. కొత్తగా కోసిన గింజ నిద్రలో ఉంటుంది, మొలవదు. నిరుటి గింజ వాడండి. పుట్టమన్ను, ఆవు పేడ కలిపి శనగ గింజంత ఉండలు చేసి, గీరిన నేల మీద చల్లి, ముళ్లకంపతో ఒకసారి ఈడ్చండి. సెంటీమీటరు కంటే లోతుకు పోతే పైకి రాదు. ఊళ్లో బోద గడ్డి మిగిలి ఉంటే దాని దుబ్బులు చీల్చి కందకం మట్టి మీద నాటండి, కట్ట కదలదు.

చెట్లు గడ్డి భాగంలో ఎకరాకు ఇరవై, ఇరవై ఐదుకు మించొద్దు. నేరేడు, వెలగ, చింత, ఉసిరి, వేప, కానుగ, ఇప్ప, మేడి. మేడి, రావి, జువ్వి ఒక్కొక్కటి రెండైనా ఉండాలి. మిగతా చెట్లకు పండు లేని నెలల్లో పిట్టలను, గబ్బిలాలను నిలిపేది ఆ జాతే. ఎర్రచందనం ఈ గుట్టల చెట్టు, పదో ఇరవయ్యో పెంచండి. అయితే ఆదాయం ఆశతో బీడంతా అదే నాటొద్దు. నరకాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి, దొంగల భయంతో ఊరు దశాబ్దాల పాటు కాపలా కాయాలి, కింద పిట్ట తినే పండూ ఉండదు.

గింజ నేరుగా వేస్తే నర్సరీ మొక్క కంటే వేరు లోతుకు వెళ్తుంది. వేప, నేరేడు గింజల ప్రాణం రెండు మూడు వారాలే, రాలిన వెంటనే వేయాలి. చింత గింజను ఒక రాత్రి నానబెట్టండి. తంగేడు, తుమ్మ గింజల మీద మరిగించి దించిన నీళ్లు పోసి తెల్లారేదాకా ఉంచండి. గచ్చ గింజను బండ మీద ఒక వైపు తెల్లగా కనిపించేదాకా రుద్దితేనే నీళ్లు పీలుస్తుంది. నర్సరీ మొక్కలైతే 45 సెంటీమీటర్ల గుంత, పండ్లచెట్లకు 60. వేసవిలోనే తవ్వి ఎండనిచ్చి, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు నడిమి దాకా నాటండి. జూన్ తొలకరికి నాటిన మొక్క జూలై, ఆగస్టు బెట్టకు దొరికిపోతుంది. అక్టోబరులో నాటితే రెండు నెలల వాన, ఆపై చలి కలిసొస్తాయి. మొదటి వేసవి మాత్రం వారానికి 10 నుంచి 15 లీటర్లు పోయాల్సిందే. మొక్క పక్కన అడుగున చిల్లి పెట్టి వత్తి దోపిన మట్టికుండ పాతితే ఆ నీళ్లు వృథా పోవు.

హద్దు వెంట రెండు వరుసల్లో, అడుగు దూరంలో, కలివి, గచ్చ, రేగు, మధ్యలో కిత్తనార. మూడేళ్లకు అది మేక దూరని కంచె. కలివి పండ్లు పిల్లలకు, ఉప్పులో ఊరేసుకునే కాయలు ఇళ్లకు. ఈ వరుస గుట్ట పొదల నుంచి కుంట ఒడ్డు దాకా తెగకుండా సాగితే దేవాంగ పిల్లికి దారి అవుతుంది. గుండ్రటి పెద్ద కళ్లతో రాత్రిళ్లు కొమ్మ నుంచి కొమ్మకు మెల్లగా పాకే ఆ చిన్న జీవి పురుగులు తిని బతుకుతుంది. ఎగరలేదు, దూకలేదు. కొమ్మలు తెగిన చోట నేలకు దిగుతుంది, అక్కడే కుక్కలకు చిక్కుతుంది. కంచెలో పది అడుగుల ఖాళీ కూడా దానికి పెద్దదే.

ఏడో మెట్టు: తిండి మడులు

ఎకరంన్నరలో ఎకరం వాన మీద, అరెకరం నీళ్ల మీద.

ఎకరంలో ఏప్రిల్, మే నెలల్లో తొలి వానకు ముందే పొడి విత్తనం వేయండి. ప్రకృతి సేద్యం కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ రాష్ట్రమంతా ప్రచారం చేస్తున్న పద్ధతే ఇది. సజ్జ, జొన్న, కొర్ర, పెసర, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదం, గోంగూర, తోటకూర కలిపి 15 కిలోలకు తగ్గకుండా తీసుకుని, బీజామృతంలో (విత్తనానికి పట్టించే పేడ, మూత్రం ద్రావణం) తడిపి, మెత్తటి బంకమట్టి, బూడిద పట్టించి ఉండలుగా ఆరబెట్టి చల్లండి. ఉండ చేయకపోతే చీమలు, పావురాలు మిగల్చవు. ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం (తయారీ కింద ఉంది) చల్లి పైన చెనిక్కాయ కట్టె, ఆకులు పరవండి. ఏభై రోజులకు పశువులకు కోసి, మిగిలింది కలియదున్నితే నేల మెత్తబడుతుంది.

జూలైలో అసలు పంట. ఉమ్మడి నేలలో వేరుశనగ కంటే రాగి మేలంటాం. విత్తన ఖర్చు తక్కువ, అడవి పంది కూడా చెనిక్కాయను తవ్వినంతగా రాగిని తవ్వదు. ఎకరాకు 2 కిలోల గింజతో నారు పోసి, మూడు వారాల నారు నాటండి. ప్రతి ఎనిమిది వరుసలకు ఒక వరుస అనప. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు ఆనపకాయ అంటే సొరకాయ, ఇక్కడ అనపకాయ అంటే పితికిపప్పు చేసే చిక్కుడు. నాటు అనప పగలు పొట్టిగా ఉన్నప్పుడే పూస్తుంది. అందుకే జూలైలో వేసినా, ఆగస్టులో వేసినా పూత చలికాలానికే, కాయ సంక్రాంతికే. అక్టోబరు దాకా పూత రాలేదని పీకేయకండి.

అరెకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. మడి 1.2 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, చుట్టూ 45 సెంటీమీటర్ల దారి. ఇలా ఇంటికి పది మడులు, ఇరవై ఇళ్లకు సరిపోయి, నారుమడికీ ఎరువు దిబ్బకూ 200 చదరపు మీటర్లు మిగులుతుంది. మడి అంతకన్నా వెడల్పైతే నడుమ కలుపుకు చెయ్యి అందదు, జనం మడిలో కాలు పెడతారు, నేల గట్టిపడుతుంది.

నీటి లెక్క ముందే వేసుకోండి. ఎండాకాలం చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు కావాలి. ఇంటికి 60 చదరపు మీటర్ల మడులు, 300 లీటర్లు. ఇరవై ఇళ్లకు 6,000 లీటర్లు. మీ బావి ఏప్రిల్‌లో అంత ఇవ్వకపోతే మార్చికే ఇంటికి మూడు మడులకు తగ్గించి, మిగతా వాటిని ఆకులతో కప్పి ఉంచండి. ఇది ముందే రాసుకోని చోట ఎండాకాలం మొదటి తగాదా నీళ్ల దగ్గరే వస్తుంది. తోటకూర, గోంగూర, పొన్నగంటి, చెంచలాకు ఏడాది పొడవునా. బెండ, గోరుచిక్కుడు, సొర, బీర జూన్‌లో. వంగ, టమోటా, మిరప నారు ఆగస్టులో. మునగ, బొప్పాయి, కరివేపాకు పడమటి గట్టు మీద, సాయంత్రపు ఎండకు అడ్డంగా.

జీవామృతం ఎకరాకు: నీళ్లు 200 లీటర్లు, ఆవు పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలపాలి, వారంలో వాడేయాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు మూత తీసి ఉంచాకే వాడండి. పులిసిన వాసన వస్తే సరే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడలేదని అర్థం, దాన్ని దిబ్బ మీద పోసేయండి. తడి నేల మీదే పోయాలి, ఎండిన నేల మీద పోస్తే ప్రయోజనం లేదు. ఘనజీవామృతానికి 100 కిలోల పేడకు జీవామృతంలో లాగే బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, తడిసేంత మూత్రం కలిపి వారం నీడలో ఆరబెడితే ఆరు నెలలు నిల్వ ఉంటుంది.

విత్తనం కోసం ప్రతి రకంలో మంచి మొక్కలు ఐదింటికి ఎర్ర గుడ్డ కట్టండి. కట్టిన మొక్క కాయ ఎవరూ కోయకూడదు. సొర, బీర, గుమ్మడి పక్క మడిలోని వేరే రకంతో కలిసిపోతాయి, ఒక కారుకు ఒక్కో రకమే వేయండి.

ఎనిమిదో మెట్టు: పంటా జీవాలూ

కరెంటు తీగ ఎవరూ కట్టకూడదు. పందికని కట్టింది మనిషినీ ఏనుగునూ చంపుతుంది, అది నేరం కూడా. విషం కలిపిన ఎర నెమలిని చంపుతుంది. కూరమడుల చుట్టూ నైలాన్ వల కూడా వద్దనే చెబుతాం. రాత్రి ఎలుకల కోసం వచ్చిన జెర్రిపోతు ఆ కన్నుల్లో దూరి, ముందుకు పోలేక వెనక్కి రాలేక, పొద్దున ఎండకు చస్తుంది. ఎలుకలను తినే పామును చంపి ఎలుకలను పెంచుకోవడమే. ఎక్కడైనా వల తప్పకపోతే నేల నుంచి అడుగు ఎత్తున కట్టండి, రోజూ పొద్దున్నే తిరిగి చూడండి. పడమటి గాలికి పడకుండా టి ఆకారపు కర్రలు ఎకరాకు పది పాతితే పగలు పసిరిక పిట్టలు, పాలపిట్టలు, రాత్రి గుడ్లగూబలు వాలి పురుగునూ ఎలుకనూ పడతాయి. గింజ కట్టే ముందు ఆ కర్రలు తీసేయండి, లేకపోతే చిలకలు వాలతాయి.

పందులకు పంట చుట్టూ నాలుగు వరుసల ఆముదం ఒత్తుగా వేయడం, కంకి పాలు పోసుకునే పదిహేను రోజులు వంతులవారీగా కాపలా కాయడం. నెమళ్లకు విత్తిన వారం పాటు ముళ్లకంప పరచడం. కోతులకు గట్టి మందు లేదు. చెత్త కుప్ప ఎత్తేసి, ఎవరూ తిండి వేయకుండా చూస్తే గుంపు పెరగదు.

పలమనేరు, కుప్పం, బంగారుపాళ్యం వైపు ఊళ్లకు ఏనుగుల మాట వేరు. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న ఉమ్మడి నేలలో అరటి, చెరకు, పనస పెట్టొద్దు. కోసిన రాగి కంకులు రాత్రి కళ్లంలో ఉంచొద్దు, ఆ పూటే ఊళ్లోకి తరలించండి. పసుపు, మిరప, నిమ్మ జోలికి ఏనుగు అంతగా రాదు. గుంపు దిగితే రాళ్లు రువ్వకుండా అటవీ సిబ్బందికి ఫోను చేయండి. నష్టపరిహారానికి పంట తొక్కిన ఫొటోలు, సర్వే నంబరు అదే రోజు తీసి ఉంచండి.

బీడులో పాత బావి ఉంటే నడుమెత్తు గోడ కట్టాలి. లోపలికి ఒక మొద్దు వాలుగా వేస్తే పడిన జంతువు పైకి ఎక్కుతుంది.

తొమ్మిదో మెట్టు: పంపకం, లెక్క

ముందు విత్తనం తీసి పక్కన పెట్టాలి. మిగిలిన ధాన్యంలో సగం పని దినాల లెక్కన పనిచేసినవాళ్లకు, పావు కాపలాకు, సంఘం నిధికి, పావు అంగన్‌వాడీకి, ఒంటరి ముసలివాళ్లకు. ఇది మా సలహా, మీ ఊరు వేరే తీరున ఒప్పుకోవచ్చు, కానీ విత్తే ముందే గోడ మీద రాయాలి. చింతకాయ, కానుగ కాయ, గడ్డి వేలం పాడినా రచ్చబండ దగ్గరే, పది మందిలో. జమాఖర్చు పుస్తకం నెలకోసారి గట్టిగా చదవాలి.

ఇంకో పుస్తకంలో మూడే విషయాలు రాయండి. నిటారు గోడలున్న డబ్బాలో పడిన వాన, స్కేలుతో మిల్లీమీటర్లలో. దగ్గరి మూడు బావుల్లో నీటి మట్టం, ముడులేసిన తాడుతో, పున్నమికి పున్నమికి. నెలకు రెండు పొద్దులు ఒకే దారిన నడిచి చూసిన పిట్టలు, జీవాల పేర్లు. స్కూలు పిల్లలు ఈ మూడోది పెద్దవాళ్ల కంటే బాగా రాస్తారు. ఇదే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరుకు ముడిసరుకు.

జనవరిలోగా హద్దు వెంటా, మూడు ముక్కల మధ్యా మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి అగ్గిపట్టీ తీయండి. ఫిబ్రవరి నుంచి మే దాకా లేత గడ్డి మొలుస్తుందని ఎవరో ఒకరు నిప్పు పెడతారు. అగ్గి తర్వాత వచ్చే ఆ పచ్చదనం మొదటి వానకు ముందే అయిపోతుంది, రెండేళ్ల మొక్కలు మాత్రం తిరిగి రావు. నిప్పంటుకున్నా కంగారులో మొత్తం చచ్చిందనుకుని మళ్లీ నాటకండి. తొలకరి తర్వాత ఇరవై రోజులు ఆగి మొదళ్ల దగ్గర మట్టి గీరి చూడండి. మోదుగ, రేగు, బిల్లుడు వేరు నుంచి లేస్తాయి. లేవని చోట మాత్రమే గుంతకు గుర్తుగా కర్ర పాతి, అక్టోబరు దాకా వదిలేయండి. ఆ ఏడాది మాత్రం ఆ ముక్కలోకి మేకలు రాకూడదు, మేత వంతును పక్క ముక్కతో మార్చుకోవాలి.